గుట్ట లేచేదాకా

విరుదునగర్ బస్టాండు ఎదుట ఫ్లెక్సీ కట్టేనాటికి కొత్త కణం ఇంకా దొరకలేదు. ఫ్లెక్సీకి అదేం అడ్డు కాలేదు. "ఐదు క్వార్కుల కణం కనిపెట్టిన మా ప్రొఫెసర్ ఆనంద్‌కుమార్" అని తమిళంలో నిలువెత్తు అక్షరాలు, నల్లకళ్ళద్దాల ఫొటో, చుట్టూ లడ్డూల్లా ఐదు క్వార్కులు. లెక్కలన్నీ చేసింది పరిశోధక విద్యార్థిని బృంద. ఆమె ఫొటో మాత్రం ఓ మూలన, తపాలా బిళ్ళంత.

ప్రోటానులో క్వార్కులనే మరీ చిన్న రేణువులు మూడుంటాయి. ఐదుండే కణాలు అరుదు. ఒక విదేశీ ప్రయోగశాల అందరికీ విడుదల చేసిన డేటాలో అలాంటిది కొత్తగా ఏదైనా ఉందేమోనని బృంద వెతికింది. ఉంటే గ్రాఫులో గుట్ట లేవాలి. ముందుగా తీసిన కాస్త డేటాలో లేచింది కూడా. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గైడు ఆనంద్‌కుమార్ వెంటనే ఫ్లెక్సీలు అచ్చేసే తిరుత్తంగల్ ప్రెస్సుకు ఫోన్ చేశాడు. ఇరవై ఏళ్ళ కిందట పెద్దపెద్ద ప్రయోగశాలలే ఇలాంటి గుట్టను చూసి చాటింపు వేసి, డేటా పెరిగాక నాలిక్కరుచుకున్నాయని బృంద గుర్తుచేసింది.

"వాళ్ళకు మన ఓపిక లేదమ్మా" అన్నాడాయన.

బృంద మిగతా డేటా కూడా తెరిచింది. గుట్ట చదునైపోయింది.

అప్పుడు మొదలైంది ఓపిక. డేటాకు పెట్టిన ఈ వడపోత బిగించమన్నాడు, ఆ వడపోత వదులు చేయమన్నాడు. గుట్ట రాకపోతే మళ్ళీ మార్చమన్నాడు. చివరికి వేరే చోటెక్కడో చిన్న బొడిపె లేచింది.

"ఇదే! మిగతా గ్రాఫులు చెరిపెయ్. శుక్రవారంలోగా పేపరు మీద నీ సంతకం కావాలి. లేదంటే నీ థీసిస్ నా బల్ల దాటదు."

బృంద కోవిల్‌పట్టిలో ఇంటికి పోయి అవ్వ పట్టమ్మాళ్ ముందు ఏడ్చింది. అవ్వ దగ్గర ఏ చిక్కుకైనా ఒకటే మందు, కులదైవం ముందు పూవు అడగడం. తెల్ల పూవొకటి, ఎర్ర పూవొకటి ఆకుల్లో చుట్టి పెడతారు. పూజారి ఒక పొట్లం తీస్తాడు. తెల్లదైతే సరే, ఎర్రదైతే వద్దు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ నాగలాపురం పక్కనున్న గుడికి బస్సెక్కారు.

"సామీ, మా పాప సంతకం పెట్టొచ్చునా?" అని అడిగింది అవ్వ.

ఎర్రది వచ్చింది.

"సామి ఇంగా మేలుకోలే. మల్లా తీ అయ్యా."

మళ్ళీ ఎర్రదే.

"గాలికి పొట్లాలు జరిగిపోయుండాయి. ఇంగొగ తూరి."

తెల్లది వచ్చింది. అవ్వ లెంపలేసుకుంది. "సూస్తివా! సామి సరీ అనేసినాడు."

"ముందు వచ్చిన ఎర్రవో, అవ్వా?"

"అవి ఎవురు సూస్తిరి?"

"నేను సూస్తిని గదా."

బృందకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. డాక్టరేటున్న గైడుకూ, బడి మొహం చూడని అవ్వకూ పద్ధతిలో వెంట్రుకవాసి తేడా లేదు. అవ్వ కనీసం ఫ్లెక్సీ కట్టలేదు. బృంద అక్కడే నిలబడి గైడుకు ఫోన్ చేసింది.

"సార్, అన్ని గ్రాఫులూ పెడదాం. గుట్ట లేదని రాద్దాం. లేదంటే నా పేరు తీసెయ్యండి."

"పేరేంటి, నిన్నే తీసేస్తా. వేరే గైడును చూసుకో" అని పెట్టేశాడు.

"ఏమన్యాడే?" అంది అవ్వ.

"వేరే గైడును సూసుకోమన్యాడు."

అవ్వ మొహం వాడిపోయింది. అయినా పూజారికి సైగ చేసింది. "అట్లయితే ఇంగో గైడు దొరుకునా అని అడుగుదాము."

"ఒగ తూరే, అవ్వా."

"ఎర్రది వచ్చిందంటే?"

"ఎర్రదే."

పూజారి తీసిన ఆకు విప్పితే ఎర్ర గన్నేరు. బృంద కళ్ళు నిండాయి. దేవుణ్ణి పెద్దగా నమ్మని పిల్లే, అయినా నిజంగా భయం వేసింది. అవ్వ చెయ్యి అప్పుడే రెండో పొట్లం మీదికి పోతోంది. బృంద ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"విడువే పాపా! ఒగే ఒగ తూరి!"

బృందకూ విడవాలనే ఉంది. విడవలేదు.