పౌనే సాత్

సాయంత్రం ఆరు దాటితే వాసవి ఏడాది కష్టం గంగలో కలుస్తుంది. ఆలోపు తప్పు ఎక్కడుందో చెప్పగలిగితే ఆమె రాసిన కోడ్ కొత్త విడుదలలోకి వెళ్తుంది. చెప్పలేకపోతే దాన్ని పీకేసి పాతదే పెడతారు. ఇంత గండం ముందు పెట్టుకుని కూడా తాండూరు స్టేషన్‌లో ఆ పిల్ల కళ్లు మిలమిలలాడుతున్నాయంటే, అది తప్పుల వేటలో రుచి మరిగిన ప్రాణం అనుకోవాలి.

ఆమె పనిచేసేది కంపెనీలు అమ్ముకునే ఆపరేటింగ్ సిస్టమ్ మీద కాదు. ఆమె సిస్టమ్‌ను ఎవరైనా విప్పి చదవొచ్చు, బాగుచేయొచ్చు, ఊరికే వాడుకోవచ్చు. అందులో ఒక మూల గణిత లైబ్రరీ ఉంటుంది. ఏ ప్రోగ్రామ్‌కు సైన్ కావాలన్నా, వర్గమూలం కావాలన్నా ఆ మూలకే వచ్చి అడుగుతుంది. ఇచ్చిన జవాబు నిజమో కాదో మళ్లీ చూసుకునే నాథుడు లేడు. కాలిక్యులేటర్‌ను అనుమానించిన మనిషిని మీరెక్కడైనా చూశారా? అందుకే ఆ మూలలో పనిచేసేవాళ్లకు ఒళ్లంతా కళ్లుండాలి.

వచ్చిన చిక్కల్లా ఒక్క వాక్యం. పాత కంప్యూటర్‌లో సైన్ అప్పుడప్పుడు తప్పు చెబుతోందని బ్రెజిల్ నుంచి ఎవరో రాసి పడేసి మాయమయ్యాడు. ఏ సంఖ్యకు తప్పు చెబుతోందని అడిగితే ఉలుకూ పలుకూ లేదు. వాసవి కంప్యూటర్‌లోనేమో అన్నీ శుభ్రంగా వస్తున్నాయి. లైబ్రరీ బాధ్యత నార్వేలో ఉండే ఇంగెబోర్గ్ అనే ఆవిడది. కారణం తెలియని తప్పును జనం మీదికి వదలనని ఆమె కచ్చితంగా చెప్పేసింది. ఆమె మాటలో న్యాయముంది, అదే వాసవికి మరీ మంటగా ఉంది.

అలాంటి పాత కంప్యూటర్ ఎవరి దగ్గరుందా అని వెతికితే మహేష్ దగ్గర తేలింది. మహేష్‌ది మోమిన్‌పేట్. డిగ్రీలో వాసవి క్లాస్‌మేటు, ఇప్పుడు వికారాబాద్ స్టేషన్ దగ్గర కంప్యూటర్ రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. ముందే పంపిన తన కోడ్ మీద, తను చేరేలోపు నాలుగు సంఖ్యలైనా పరీక్షించి పెడతాడని ఆమె ప్లాట్‌ఫారం మీంచే ఫోన్ చేసింది. తను కొత్తగా రాసింది చిన్న సంఖ్యల భాగమే కాబట్టి తప్పు అక్కడే ఉంటుందని ఆమె లెక్క. సంఖ్య ఏడు దాటితే పాత కోడ్ నడుస్తుంది. దాని జోలికి తను పోలేదని ఆమె గట్టి నమ్మకం.

"కొట్టు మహేషూ. సవా దో. ఢాయి. పౌనే చార్. పౌనే సాత్."

"గిదేం లెక్కనే? తెలుగుల చెప్పరాదు?"

"మా బండల దుకాణంల గిట్లనే అంటరు, నోటికి గదే వస్తది. జల్ది కొట్టు, రైలొస్తున్నది!"

నాపరాళ్ల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టిన పిల్ల. పావులు, సగాలు ఆమెకు ఉర్దూలో తప్ప నోటికి రావు: రెండుంపావు సవా దో, రెండున్నర ఢాయి. రైలెక్కింది, కూర్చోడానికి చోటు దొరకలేదు, దొరికినా కూర్చునేట్టు లేదు. ధారూర్ దాటుతుండగా ఫోన్ మోగింది.

"వాసవీ! ఆఖరుది తప్పొచ్చింది! ఒకటికి దగ్గరదగ్గర రావాలె, గీడ సున్నా లెక్కనే వచ్చింది!"

వాసవి ఫోన్‌ను చెవికి అదుముకుంది. కానీ మనసులో వేసుకున్న జవాబు వేరే ఉంది.

"ఒకటి ఎందుకొస్తది? పౌనే సాత్‌కు ఒకట్ల సగం గూడ రాదు గదా!"

"ఫోన్‌ల కాలిక్యులేటర్ రేడియన్లల పెట్టి చూసిన. ఒకటే అంటున్నది."

"అసలు ఏం కొట్టినవు నువ్వు?"

"ఏడూ ముప్పావు."

"ఓరి నీ తెలివి పాడుగాను! పౌనే అంటే పావు తక్కువరా! పౌనే సాత్ అంటే ఆరూ ముప్పావు!"

"నాకేమెరుక? సాత్ అంటే ఏడేనాయె. పౌనే అంటే మూడు పావులనుకున్న. నీ బండల భాష నా మీద రుద్ది నన్నంటవేంది?"

ఇంకో నాలుగు తిట్లు నోటిదాకా వచ్చినవి అక్కడే ఆగిపోయాయి. ఏడూ ముప్పావు. ఏడు దాటిన సంఖ్య! తను పరీక్షించాలని కలలో కూడా అనుకోని వైపు మహేష్ పొరపాటున అడుగుపెట్టాడు, తప్పు అక్కడే దొరికిపోయింది.

"మహేషూ! నువ్వు దేవునివిరా!" అని ఆమె వేసిన కేకకు పెట్టెలో ఉన్న జనమంతా ఇటు తిరిగారు. పక్కనున్న ఒక పెద్దమ్మ, "నౌకరి వచ్చిందా బిడ్డా?" అని అడిగింది. "తప్పు దొరికిందమ్మా!" అని వాసవి పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. తప్పు దొరికితే ఇంత సంబరపడే మనిషిని ఆ పెద్దమ్మ ఎన్నడూ చూసి ఉండదు, జర దూరం జరిగి కూర్చుంది.

దుకాణంలోకి వాసవి పరుగు మీదే వచ్చింది. ఆరూ ముప్పావు కొట్టింది, సరైన జవాబు వచ్చింది. ఏడూ ముప్పావు కొట్టింది, తప్పు. ఎనిమిది, తప్పు. ఏడు దాటితే అన్నీ తప్పులే. మరి ఆ భాగాన్ని తను ముట్టుకోనే లేదు కదా? పాత కోడ్‌నూ కొత్త కోడ్‌నూ పక్కపక్కన పెట్టి చూసేసరికి చెవులు వేడెక్కాయి. ముట్టుకుంది. ఒక్క లైను తీసేసింది.

సంఖ్య నుంచి దశాంశాలను ఊడగొట్టడానికి ఒక పాత చిట్కా ఉంది. దానికి ఒక మహా పెద్ద సంఖ్యను కలపాలి. అంత పెద్దదాని పక్కన చిల్లర అంకెలకు చోటు చాలక రాలిపోతాయి. తర్వాత పెద్దదాన్ని తీసేస్తే పూర్ణాంకం మిగులుతుంది. అయితే పాత ప్రాసెసర్లు లెక్క మధ్యలో అవసరానికి మించిన అంకెలు చేతిలో పట్టుకుని వదలవు. ఒకసారి మెమరీలో రాసి మళ్లీ తీసుకొమ్మంటేనే వదులుతాయి. తీసేసిన లైను చేసే పని అదే. చూడబోతే ఈ చేత్తో పెట్టి ఆ చేత్తో తీసుకున్నట్టుంటుంది, ఎందుకుందో పక్కన ఒక్క ముక్క రాసి లేదు. పనికిమాలిన లైననుకుని, ఇల్లు సర్దే ఊపులో వాసవి ఊడ్చేసింది.

లైను మళ్లీ పెట్టింది. ఏడూ ముప్పావు కొట్టింది. ఒకటికి దగ్గరగా, అచ్చం రావలసిన జవాబే వచ్చింది. మహేష్ బల్ల మీద దరువేశాడు.

"పాత మిషన్‌దే తప్పు అని రాసెయ్యి. నీ పేరెందుకు ఖరాబ్ చేస్కుంటవ్?" అన్నాడు మహేష్.

ఆ ఆలోచన ఆమెకూ రాకపోలేదు. సొంత తప్పు లోకమంతా చదివేచోట రాయడం ఎవరికి సరదా? కానీ కారణం రాయకపోతే రేపు ఇంకొకరు ఇలాగే ఊడ్చేస్తారు. లైను పక్కన అది ఎందుకుండాలో వివరంగా రాసింది. కింద, 'దీన్ని తీసి తప్పు చేసింది నేనే' అని రాసి పంపేసింది. ఇక ఎదురుచూపులు. మహేష్ తెప్పించిన చాయ్ చల్లారిపోయింది.

గడువుకు కాస్త ముందు ఇంగెబోర్గ్ జవాబు వచ్చింది.

'ఆ లైను పెట్టింది నేను. ఎందుకో రాయకుండా వదిలేసి, తర్వాత మర్చిపోయింది కూడా నేనే. నువ్వు తీసినప్పుడు చదివి సరే అన్నదీ నేనే. అదెందుకుండాలో ఇప్పుడు నువ్వు చెప్పగలవు. నీ కోడ్ విడుదలలోకి వెళ్తోంది. లైబ్రరీ బాధ్యతలో నా పేరు పక్కన నీ పేరు కూడా చేర్చాను. ఇకమీదట ఎవరైనా ఏదైనా తీసేముందు నిన్ను అడుగుతారు.'

వాసవి ఒకసారి చదివింది, మహేష్‌కు వినిపించింది, నమ్మకం కుదరక మళ్లీ చదివింది. ఆనందం పట్టలేక ఇంటికి ఫోన్ చేసింది. తండ్రి రామచందర్ దుకాణంలో ఉన్నాడు, వెనకాల రాళ్లు కోసే చప్పుడు.

"నాయినా! లెక్కలు తప్పు పోకుండ చూసే పని నాకిచ్చిన్రు!"

"మంచిది బిడ్డా. ఎవరియి లెక్కలు?"

ఆమె తలెత్తి వీధిలోకి చూసింది. బయట బస్టాండు వైపు జనం పోతున్నారు, ప్రతివాళ్ల చేతిలో ఏదో ఒక ఫోన్.

"అందరియి, నాయినా."

అటువైపు ఆయన రాళ్లు కోసే మిషన్ ఆపించాడు.

"అట్లయితె పైలం బిడ్డా, జర జాగ్రత్తగ చూస్కో," అన్నాడు రామచందర్.