దాపలెద్దు

మధ్యాహ్నం అన్నం తిన్నాక మీనాంబాళ్ అవ్వ మంచంమీద గోడవైపు తిరిగి పడుకుంటే, ఆ గోడపక్కనుంచి మీనాంబాళ్ అవ్వే ఆమెకి కథ చెబుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది గానీ, తుడియలూరనే తమిళ ఊళ్ళో ఆ మేడగదిలో ఇది రోజూ ఉండేదే. కంప్యూటర్లోంచి వచ్చే గొంతు అవ్వకి మాట ఉన్నప్పటిది. ఇప్పుడు మాట పోయింది, మనుషుల పేర్లూ పోయాయి. మిగిలింది ఒక్క ఊఁ. కథ కాస్త ఆగితే చాలు, కళ్ళు మూసుకునే "ఊఁ" కొడుతుంది. మనవరాలు మాలినికి ఆ ఒక్క ఊఁ వింటే ప్రాణం లేచొస్తుంది.

ఆ వేళ దానికే ముప్పొచ్చింది.

కథలన్నీ ఒక ఇనప పెట్టెలో రెండు హార్డ్‌డిస్కుల మీద ఉన్నాయి. దీనిమీద ఉన్నదే దానిమీదా ఉంటుంది. ఆ పెట్టె బిగించింది పెరియకుళంలో మామిడితోట చూసుకునే దినకరన్ మామ. సేద్యం చేసేవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? డిస్కులకి జోడెద్దుల పేర్లే పెట్టాడు, దాపల, వలపల అని. ఇప్పుడు తెరమీద దాపల చెడిపోయిందని కనబడుతోంది. ఇంకోచోట కూడా ఒక కాపీ దాచవే అని మామ నెత్తీ నోరూ కొట్టుకుంటే, "రేపు" అనేది మహాతల్లి. ఆ రేపు ఏ గంగలో కలిసిందో!

"ఆపేసి మార్చేదా మామా?" ఫోన్లో అడిగింది మాలిని.

"అయ్యో, ఆపొద్దు కణ్ణూ! రెండోదీ ముసలిదే. ఒకసారి నిలిస్తే మళ్ళీ లేస్తాదో లేదో. నడుస్తుండగానే మార్చు. ముందు దాపలని కాడి దించమని కంప్యూటర్‌కి చెప్పు. మనం పోయొస్తామని చెప్పకుండా ఇల్లు దాటతామా? ఇదీ అట్లనే. తరవాత ఇనప పెట్టెని తాకి వంట్లో కరెంటు దించుకో. డిస్కు తిరిగేది నిలిచినాక మెల్లగా లాగు. పాత్తు, పాత్తు! చూసుకుని చెయ్యి. వలపలని లాగినావంటే అవ్వ గొంతు పోయినట్టే."

చెప్పినట్టే చేసింది. తెరమీద దాపల కాడి దిగింది. అవ్వ గొంతు ఎక్కడా తొట్రుపడలేదు. కింద పంపులు తయారుచేసే పట్టెడలో లేతుమిషను జోలపాటలా గుర్రుమంటోంది. కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము తేలుతోంది. ఆ గొంతు వింటుంటే గదిలోకి తడిమట్టి వాసన వచ్చినట్టుంది మాలినికి. దున్నిన చేలో నడుస్తున్నట్టే వెళ్ళి పెట్టె ముందు మోకాళ్ళమీద కూర్చుంది. డిస్కులకి పక్కపక్కన రెండు పిడులు, వాటికి ఏ గుర్తూ లేదు. దాపల అంటే ఎడమే కదా. ఎడమ పిడిమీద వేలు పెట్టింది.

"...కాడి కట్టి మీ తాత వెనక నిలబడినాడు," అంటోంది గొంతు. "నేను ముందర నిలబడినాను, బొట్టు పెట్టేదానికి. దాపలెద్దుకి మొదట పెట్టవే అన్నాడు. నా ఎడమపక్కదానికి పోయి పెట్టినాను. ఒకటే నవ్వు! వెర్రిదానా, దాపల నీకు కాదే, తోలేవాడికి అన్నాడు."

"ఊఁ," అంది అవ్వ.

మాలిని వేలు అక్కడే బిగుసుకుపోయింది. ఎన్నిసార్లు విన్న కథో! విని విని చెవికెక్కడమే మానేసింది. మామ పెట్టె వెనక కూర్చుని వైర్లు బిగించాడు, పేర్లూ అక్కడినుంచే పెట్టాడు. ఎడమ పిడిమీద అరచెయ్యి ఆనించింది. లోపల సన్నగా వణుకుతోంది, బతికే ఉంది. కుడిదాన్ని తాకింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"అమ్మయ్యో! చేతులారా అవ్వ గొంతు నులిమేసేదాన్నే," అనుకుంది.

కుడిదాన్ని లాగి, మామ ముందే ఇచ్చి ఉంచిన కొత్త డిస్కుని తోసింది. అది టక్కుమని కూర్చుంది. అంతే, గొంతు ఆగిపోయింది.

తెర కదలడం లేదు. లేతుమిషను కూడా ఎప్పుడాగిందో. మంచంమీద అవ్వ కళ్ళు తెరిచి గోడని వెతికింది.

"ఊఁ?"

ఆ ముసలి ముఖం దారి తప్పిన పిల్లలా అయిపోయింది. "ఊఁ?"

మాలిని పెట్టెని వదిలేసి మంచం దగ్గరికి పాకింది. "తరవాత... తాత కాడి వదిలి ముందుకి వచ్చినాడు అవ్వా." తెలుగులో కథ చెప్పడం ఆమెకి అదే మొదలు. మాట మాటకీ తమిళం అడ్డం పడుతోంది. "వచ్చి... నీ చేతిలో కుంకం తీసుకుని..."

"ఊఁ."

"నీకే పెట్టినాడు."

పెట్టె కొత్తదాన్ని గుర్తుపట్టినట్టుంది, వెనకనుంచి గొంతు ఉన్నట్టుండి లేచింది. "...నా చేతిలో కుంకం తీసుకుని నాకే పెట్టినాడు." కొత్త డిస్కు పాతదాని పక్కన ఒక్కొక్క కథే నేర్చుకోవడం మొదలుపెట్టింది.

మాలిని ఏడుస్తూనే ఉంది, చెప్పడం మాత్రం ఆపలేదు. గోడపక్క ఒక గొంతు, మంచంపక్క ఒక గొంతు.

అవ్వ మెల్లగా మాలినివైపుకి ఒత్తిగిలి పడుకుని, ఊఁ కొట్టింది.