కొలతకు మించినవి

మా బావ ముక్కు పగలగొట్టింది నేనే. అడిగినవాళ్ళకు ఆయన తలుపు తగిలిందని చెప్పుకుంటున్నాడు.

పురుగుల ల్యాబులో పదకొండేళ్ళుగా నా పని ఏరడం. మిల్లీమీటరుండే పురుగును మైక్రోస్కోపు కింద సన్నటి తీగ మొనతో ఎత్తి, వేరే ప్లేటులో దించాలి. మా అక్క కండరాలను తినేస్తున్న జబ్బు లాంటిదే వీటికీ ఉంది. అన్నీ చచ్చుబడి పడుంటాయి. ఎనిమిది నెలలు కళ్ళలో వత్తులేసుకుని చూస్తే ఒకటి పాకింది. దాని పిల్లలూ పాకాయి. అక్క ఫోన్ చేసినప్పుడల్లా అదే ప్రశ్న: "ఏమే, నా పురుగులు నడుస్తున్నాయా?"

ఆ సంతతికి ఒకటే లోపం. గుడ్లు బయటికి పెట్టలేవు, కడుపులోనే మోసుకుని ఉబ్బిపోతాయి.

అక్క మొగుడు, ఈ బావదీ అదే ల్యాబు. ఏరే మెషిన్ ఆయనది. పురుగులను నీటితో పీల్చి, లేజరు ముందు ఒక్కొక్కటిగా పరిగెత్తించి, కొలత సరిపోయినవాటిని, పరీక్షించాల్సిన మందులున్న చిన్న గుంటల్లోకి వదులుతుంది. మిగతావాటిని గాలి దెబ్బతో బ్లీచు సీసాలోకి కొడుతుంది. నేను రోజంతా ఏరేది దానికి పది నిమిషాల పని.

మా దగ్గర ఒక కట్టుబాటుంది. ఏ సంతతి ప్లేట్లనూ అన్నీ ఒకేసారి కడిగి పురుగులను మెషిన్‌లో పోయకూడదు, ఒకటి దాచాలి. బూజు పట్టగా, పాకే సంతతివి మాకు మిగిలినవి మూడు. ఆ ఉదయం నేను వెళ్ళేసరికి మూడూ సింకు పక్కన ఖాళీగా బోర్లించి ఉన్నాయి. బావ కాఫీ తాగి అప్పుడే లోపలికొచ్చాడు.

"మూడూ కడిగేశావా?"

"రెండైతే గుంటలకు చాలవే. మందు త్వరగా దొరికితే మీ అక్కకే కదా మంచిది."

నడుస్తున్న మెషిన్ తెర చూశాను. గుంటల్లో పడినవి సున్నా. కొలత మామూలు పురుగులదే ఉంచేశాడు. నా లావు తల్లులను రెండేసి అతుక్కున్నవనుకుని మెషిన్ బ్లీచులోకి కొడుతోంది. టక్, టక్, టక్.

బ్లీచులో చర్మం చీలుతుంది. కడుపులోని పిల్లలు బయటపడి, అవీ మెలికలు తిరిగి కరిగిపోతాయి. వేలసార్లు నేనే చేసిన పని. ఆ రోజు మాత్రం నాకు అక్క కాళ్ళు కనిపించాయి.

"ఆగవే, నేను..." అంటూ బావ ఏదో బటన్ నొక్కి చెయ్యి అడ్డం పెట్టాడు. ఇనుప స్టాండు ఎత్తి ముక్కు మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు విన్నా కసి తీరలేదు. తర్వాతి దెబ్బలన్నీ మెషిన్‌కు. గాజు పగిలింది, గొట్టాలు తెగాయి, బ్లీచు సీసా దొర్లి నేలంతా పారింది. వెనకనుంచి పట్టుకోబోతే ఆయన చెయ్యి నెత్తురొచ్చేలా కొరికాను.

"చంపేశావు కదరా! కట్టుకున్నదాన్ని నువ్వే చంపేశావు!"

ఆయన మోకాళ్ళ మీద కూలబడి, ఒట్టి చేతులతో ఆ బ్లీచులోనే తడుముతున్నాడు.

"నువ్వు కొట్టేముందే బటన్ నొక్కి ఆపేశానే. అప్పటికి సగం ఇంకా గొట్టంలోనే ఉన్నాయి. అదే చెప్పబోయాను."

టక్ టక్ ఎప్పుడు ఆగిందో నేను వినలేదు.

ఒక్కటి బతికినా చాలు. ఈ పురుగుకు మగతోడు అక్కర్లేదు, తనంత తానే పిల్లల్ని కంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ప్రతి గాజుపెంకునూ మైక్రోస్కోపు కింద పెట్టాను. ఒకదాని మీద ఓ తల్లి పాకుతోంది. తీగ అందుకునేలోగా దాని చర్మం చీలింది.

అప్పుడే అక్క ఫోన్. ఎత్తి ఏడ్చేశాను. బావ ముక్కుకు గుడ్డ అదుముకుని ఫోన్ లాక్కున్నాడు.

"ఏం లేదు, తలుపు తగిలి నా ముక్కు పగిలిందని నీ చెల్లెలు ఏడుస్తోంది. నీ పురుగులా? నడుస్తున్నాయి."

అక్కకు నిజం చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.