రైలు ఓడెక్కే చోటికి

కండక్టరమ్మకు యాభై రెండేళ్లు. ఇరవై ఆరేళ్లుగా రోజూ అదే రూటు. ఒక మధ్యాహ్నం డిపో విశ్రాంతి గదిలో పాత పత్రిక తిరగేస్తుంటే ఒక ఫోటో కనిపించింది. ఏదో దేశంలో ఒక రైలు, పెట్టెలూ ప్రయాణికులతో సహా, ఓడ కడుపులోకి దూరుతోంది. సముద్రం దాటాక మళ్లీ పట్టాలెక్కుతుందట. తనూ ఆ రైలెక్కాలనుకుంది.

సంగతి విన్న అక్క మర్నాడే ఒక టూరు కరపత్రం పట్టుకొచ్చింది.

"పది రోజులు, తొమ్మిది ఊళ్లు. వాళ్లే లేపుతారు, వాళ్లే తిప్పుతారు. ఒక్కదానివే ఎందుకే ఈ తిప్పలు?"

"రైలు ఓడెక్కడం చూపిస్తారా?"

"అది లేదు. షాపింగ్ మాత్రం మూడు పూటలుంది."

"నాకొద్దక్కా. ఇన్నేళ్లూ ఎవరెక్కడ దిగుతానంటే అక్కడ దింపాను. ఈసారి నాకు నచ్చిన చోట నేను దిగుతాను."

ఇంట్లో భర్త కుట్టుమిషన్ ఆపి అంతా విన్నాడు. వీధి మలుపు దాటితేనే తలనొప్పి తెచ్చుకునే మనిషి. "నన్ను రమ్మనకపోతే చాలు, నీ ఇష్టం" అన్నాడు.

రెండు నెలలు కూర్చుని ఏ రోజు ఏ బండి, ఎక్కడ బస అన్నీ వరసగా రాసుకుంది. డిపో టైమ్‌కీపర్‌కు చూపిస్తే ఆయన కళ్లజోడు సర్దుకుని ఒకచోట వేలు పెట్టాడు.

"రైలు మారడానికి పన్నెండు నిమిషాలా? మన స్టాండులోనే అటు నుంచి ఇటు రావడానికి పది పడుతుంది కదమ్మా. పైగా ఇందులో ఒక్క ఖాళీ రోజు కూడా లేదు."

ఆమె ముఖం చిన్నబోయింది. మూడు వారాలు మళ్లీ కుస్తీ పట్టి, రెండు ఊళ్లు కొట్టేసి, ఒక రోజు ఖాళీగా ఉంచింది.

వీసా ఆఫీసులో అధికారి ఆ కాగితాలు తిరగేసి, "ఈ రైలు తప్పిపోతే?" అని అడిగాడు.

"నాలుగూ పదికి ఇంకోటుందండి. నంబరు వెనక పేజీలో రాశాను."

అధికారి నవ్వాపుకోలేకపోయాడు. వారానికి వీసా వచ్చింది.

తీరా ఆ దేశం వెళ్లి రేవు స్టేషన్‌కు చేరేసరికి, గాలి ఎక్కువగా ఉంది, ఇవాళ ఓడ కదలదన్నారు. కాసేపు పెట్టె మీద కూర్చుంది. ఖాళీగా ఉంచిన రోజు గుర్తొచ్చాక లేచి, ఎదురుగా ఉన్న లాడ్జిలో గది తీసుకుంది. సాయంత్రం సిటీ బస్సెక్కి ఆఖరి స్టాపు దాకా వెళ్లొచ్చింది. అందులో కండక్టరే లేడు, డ్రైవరే టికెట్లిస్తున్నాడు. పాపం, రెండు పనులూ అతనికే అని జాలిపడింది.

మర్నాడు గాలి తగ్గింది. రైలు నెమ్మదిగా ఓడలోకి జరిగింది. అడుగున గొలుసులు బిగించిన చప్పుడయింది. ఆమె రైలు దిగి, ఇనప మెట్లెక్కి డెక్ మీదికొచ్చింది. చుట్టూ నీళ్లే. ముఖాన ఉప్పుగాలి కొడుతుంటే కాసేపు ఊరికే నవ్వుకుంటూ నిలబడి, భర్తకు ఫోన్ చేసింది.

"రైలు ఓడలో ఉందండీ. నేను దాని నెత్తిమీదున్నాను."

అవతల ఆయన కుట్టుమిషన్ ఆపాడు.

"మరి రైలు డ్రైవరేం చేస్తున్నాడు?"

"నా పక్కనే నిలబడి టీ తాగుతున్నాడు."

"అడిగానని చెప్పు" అన్నాడాయన.