కాజా పట్టిచ్చిన మనిషి

తాను వేలెత్తి చూపిన మనిషే తనను కొట్టాడా అన్న అనుమానం దర్జీని ఆరేళ్లుగా తినేస్తోంది.

అప్పట్లో ఎవరో దొంగను వెతుకుతూ పోలీసులు అతన్ని దారిలో ఆపారు. దొంగ కాదని తేలేలోపే ఒక ఎస్సై లాఠీతో కుడిచేతి వేళ్లు విరగ్గొట్టాడు. తలకు హెల్మెట్ ఉంది, ఛాతీ మీద పేరుపట్టీ లేదు. వంగి చేతులు అడ్డుపెట్టుకుంటున్న దర్జీకి చొక్కా కాజాలే కనబడ్డాయి. మెడ లావని పై కాజా వాలుగా కుట్టిన చొక్కా తన చేతిదే. అది ఎవరి కొలతో అతనికి తెలుసు. ఆ ఎస్సై పేరు పెట్టే ఫిర్యాదు చేశాడు, నష్టపరిహారానికి దావా వేశాడు.

"చొక్కా వచ్చి బోనెక్కుతుందా?" అని అవతలి లాయరు కోర్టును నవ్వించాడు. ఆ నవ్వుకంటే ఇల్లాలి మాటే గట్టిగా తగిలింది.

"స్టేషన్లో చొక్కాలన్నీ ఒకే కొయ్యకు వేలాడతాయి గదా! ఎవరిది ఎవరు తొడుక్కున్నారో మీకెలా తెలుసు?"

ఆనాటినుంచి రోజూ మొక్కుకునేవాడు. "స్వామీ, నేను పొరబడితే నా కేసు ఓడించు. ఒకరి ఉసురు నాకొద్దు." విన్న దేవుడు ఒక్కమాట చెప్పొచ్చు గదా అనీ అనుకునేవాడు.

చివరి వాయిదాకు, కొత్తగా రిటైరైన కానిస్టేబులు ఒకాయన బోనెక్కాడు.

"నేను పక్కనే ఉన్నానండి. ఈ ఎస్సైగారే పేరుపట్టీ పీకి నా చేతిలో పెట్టి, ఆ తర్వాతే కొట్టారు. ఉద్యోగం పోతుందని ఇన్నాళ్లూ నోరు మెదపలేదు."

పదిరోజులకు తీర్పు దర్జీ పక్షాన వచ్చింది. పరిహారం ఎంతో అతని చెవికెక్కలేదు. కళ్లు తుడుచుకుంటుంటే ఇల్లాలు మోచేత్తో పొడిచింది.

"గెలిచి ఏడుస్తారేంటి?"

"తప్పు చెయ్యని మనిషిని రచ్చకీడ్చలేదే. గుండెమీది బండ దిగింది."

తీర్పు వినడానికొచ్చిన కానిస్టేబులు మెట్ల దగ్గర తల గోక్కున్నాడు. "అన్నా, అడక్కూడదు గానీ... ఆ గొడవకు ముందురోజు మీకో ప్యాంటిచ్చాను, నడుము వదులు చెయ్యమని."

దర్జీ నాలుక కరుచుకున్నాడు. "పై అరలోనే ఉంది తమ్ముడూ. స్టేషన్ గడప తొక్కాలంటే భయమేసి తేలేదు."

ఆ మధ్యాహ్నమే వంకరవేళ్లతో కుట్లు విప్పి మళ్లీ కుట్టాడు. కానిస్టేబులు తొడుక్కుని ఊపిరి బిగబట్టాడు. గుండీ అందలేదు.

"ఆరేళ్లు బొజ్జ నాకోసం ఆగుతుందా? కూర్చో, ఇంకో రెండంగుళాలు వదులుతా."

ఈసారి సరిపోయింది. దర్జీ దాన్ని ఇస్త్రీచేసి, కాగితంలో చుట్టి, రెండు చేతులతో అందించాడు.