ముందు నడిచిన నీడ

పొద్దున్నే వంట ముగించి, మొగుడికి క్యారేజీ సర్ది, దుకాణం తాళాల కోసం ఇల్లంతా వెతుక్కోవడం ఆ దర్జీ ఆవిడకి మామూలే. ఆ ఏడాది మాత్రం తాళాలు దొరికేలోపే ఆవిడ నీడ వీధి మలుపు తిరిగేసేది.

"మీ నీడ ఎప్పుడో వచ్చి మెట్టు మీద కూర్చుందమ్మా, మీదే ఆలస్యం," అనేవాడు పక్కనున్న చెప్పుల కొట్టాయన, పాలవాడి గురించి చెప్పినంత మామూలుగా.

ఒళ్లంతా సెగలు. గుండె దడ. ఎంత తిన్నా చిక్కిపోవడమే. చేతులు వణికి కాజాలు వంకర పోయేవి. అయినా పని మాత్రం తెగ ఉరికేది.

రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ, "థైరాయిడ్ మరీ ఎక్కువ పనిచేస్తోంది," అని మాత్రలు రాసింది. నెలలు గడిచేకొద్దీ నీడ వెనక్కొచ్చింది. మొదట వీధి చివర, తర్వాత చేతికందే దూరం, ఆఖరికి కాళ్ల కింద. వణుకు పోయింది. ఒళ్లు చేసింది. అయినా ఆవిడకి ఏదో తికమక. ఆ ఉరుకులన్నీ రోగమేనా? అందులో తను ఎంత?

"ఇప్పుడు మాత్ర ఆపి చూడొచ్చు," అంది డాక్టరమ్మ. "ఆపితే తిరగబెట్టొచ్చు. లేదంటే చిన్న మోతాదులో ఏళ్ల తరబడి వేసుకోవచ్చు. రెండూ సబబే. మీ ఇష్టం."

"నా ఇష్టమేంటండీ, నాకేం తెలుసు!"

ఇంటికొచ్చి మొగుడినడిగింది. "ఒంట్లో బాగుంటే మందెందుకు?" అన్నాడు. అన్నం తిని లేచాక, "వేసుకుంటేనే మంచిదేమో," అన్నాడు.

"పూటకో మాట చెబుతారేంటి?"

"నాకూ పాలుపోవట్లేదే."

ఒకరోజు వేసుకుంది, ఒకరోజు మానేసింది. మానేసిన రోజులే ఎక్కువై, ఏమీ తేల్చుకోకుండానే మాత్ర ఆగిపోయింది.

ఒక మధ్యాహ్నం బడిపిల్లకి గౌను కొలతలు తీస్తుంటే నీడ లేచి వెళ్లిపోయింది. టేపు మెడలో ఉండగానే, "ఇప్పుడే వస్తా తల్లీ," అని ఆవిడ వెంటపడింది. రోడ్డు దాటి, ఆసుపత్రి మెట్లెక్కి, వగరుస్తూ గదిలోకి వెళ్లేసరికి నీడ కుర్చీలో కూర్చుని ఉంది. డాక్టరమ్మ దాని మణికట్టు పట్టుకుని నాడి చూస్తోంది.

"రండి. మళ్లీ మొదలైంది. గుండె లయ తప్పకముందే వచ్చారు, నయం."

"నేనింకా ఏమీ అనుకోలేదండీ!"

"మీ నీడ అనుకున్నట్టుంది. రోజూ చిన్న మాత్ర, అప్పుడప్పుడూ పరీక్ష. ఈ మందు అరుదుగా కొందరికి పడదు, గొంతు నొప్పితో జ్వరం వస్తే మాత్ర ఆపేసి వెంటనే రండి."

"ఎన్నాళ్లు?"

"ఏళ్లే."

పరీక్షకి రక్తం ఇచ్చి, మందు కొనుక్కుని ఇల్లు చేరింది. మొగుడు మంచినీళ్లిస్తూ అడిగాడు. "ఇంతకీ ఎవరు తేల్చారు? నువ్వా, డాక్టరమ్మా?"

ఆవిడ మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది.

"తెలీదండీ," అంది. "నేను వెళ్లేసరికే తేలిపోయి ఉంది."