కోసింది ఎవరి పొట్ట?

కడుపు కోసి గర్భసంచి తీసేసిన మర్నాడు ద్వాలి పళ్లు బిగబట్టి పడుకుంది. ముఖం మీదిదాకా దుప్పటి. కాళ్ల దగ్గర స్టూలు మీద మామ హాతీరాం. మామ ఎదుట కోడలు ముఖం చూపకూడదు, గొంతు వినిపించకూడదు. తండాలో పాత ఇళ్లవాళ్లు ఇంకా పట్టుకుని వేలాడుతున్న పద్ధతి అది. దవాఖానావాళ్లు చీర విప్పించి పచ్చ గౌను తొడిగారు. గౌనుకు కొంగెక్కడిది? అందుకని దుప్పటి.

ఆడవాళ్ల వార్డులోకి మగవాళ్లు రాకూడదని గుమ్మం మీద పెద్ద బోర్డు ఉంది. హాతీరాం ఆ బోర్డు కిందినుంచే వచ్చాడు. మాజీ సర్పంచి కదా, బోర్డులు ఊళ్లో జనానికి గానీ ఆయనకు కాదు. కొడుకు మంగీలాల్ అశ్వారావుపేట తోటల్లో పామాయిల్ గెలల కోతకు పోయాడు. ఇంట్లో ఇంకో ఆడదిక్కు లేదు. కాబట్టి కోడలికి కాపలా తనే. కాపలా అంటే మరేం లేదు, ఎవరేం అడిగినా తను జవాబు చెప్పడం.

రిబ్కా సిస్టర్ వచ్చింది. "ద్వాలమ్మా, నొప్పెట్లుంది? సున్నా నుంచి పది దాకా ఎంత?"

"ఏం లేదు సిస్టర్, మంచిగనే ఉంది," అన్నాడు హాతీరాం.

"అంటే సున్నానా?"

"అవ్, సున్నా రాస్కో. మా పిల్ల గట్టిది."

రిబ్కా రాసుకుని పోయింది. నీ నోరు పడిపోను, అనుకుంది ద్వాలి దుప్పటి కింద. పామాయిల్ గెల ముళ్లు చేతిలో దిగితే ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇప్పుడు ఆ గెలనే ఎవరో పొట్టలో పెట్టి కుట్టేసినట్టుంది.

రౌండ్సుకు డాక్టర్ సతీష్ వచ్చాడు, వెనక కుర్ర డాక్టర్ల గుంపుతో.

"పేషెంట్ నిద్రపోతోందా?"

"అవ్ సార్, హాయిగ పండుకుంది."

"చూశారా?" డాక్టర్ కుర్రవాళ్ల వైపు తిరిగాడు. "ట్రైబల్ పేషెంట్లు. టాలరెన్స్ ఎక్కువ. అదే ఖమ్మం మేడమ్ ఎవరైనా అయితే ఈపాటికి వార్డు పీకి పందిరేసేది."

అందరూ తలలూపారు. దుప్పటి ఎత్తి ముఖం చూడటానికి ఒక్కరికీ చెయ్యి రాలేదు. అడవి పక్కన పుట్టినవాళ్లకు నరాలు ఉండవని ఏ పుస్తకంలో చదివారో మరి.

"బాగా దగ్గించాలి. పొట్ట మీద దిండు అదుముకుని దగ్గమనండి. లేకపోతే ఊపిరితిత్తుల్లో కళ్లె చేరి జ్వరమొస్తుంది."

"దగ్గుతది సార్, దగ్గుతది," అన్నాడు హాతీరాం, ఆ దగ్గేదేదో తనే అయినట్టు.

కళ్లె అప్పటికే ఛాతీలో గురగురమంటోంది. దగ్గు పైకి రాబోతే కుట్లు పట్టి లాగుతున్నాయి. ద్వాలి దగ్గును మింగేస్తోంది. నొప్పి తగ్గే సూది పడితే గానీ దగ్గలేదు. నోరు తెరిస్తే గానీ సూది పడదు. ఈ ముసలాయన లేస్తే గానీ నోరు తెరవలేదు. ఆయనేమో స్టూలుకు అంటుకుపోయాడు.

మధ్యాహ్నానికి ఒళ్లు కాలడం మొదలైంది.

"ఓ పెద్దాయనా," పక్క మంచం మీది ఆదెమ్మ పిలిచింది. "మీ పిల్ల వణుకుతాంది, సూడు."

"ఫ్యాన్ గాలికి దుప్పటి ఊగుతాందిలే."

"దుప్పటి ఊగుతాందా? నీ కండ్లు ఊగుతాన్నయి!"

ద్వాలికి హాతీరాం హెర్నియా ఆపరేషన్ గుర్తొచ్చింది. ఇదే దవాఖానా. "సచ్చిపోతున్ననో!" అని ఈ పెద్దమనిషి అరిచిన అరుపులకు గేటు బయట ఆటోవాళ్లు లోపలికి తొంగి చూశారు. సూది మీద సూది పొడిపించుకున్నాడు. ఆయనకు జావ కాచి మోసుకొచ్చింది ద్వాలే, ముఖం మీద కొంగేసుకుని.

దుప్పటి లాగి అవతల పారేసింది. తమ లంబాడీ భాషలో అంటే ఇంట్లో మాటయిపోతుంది. వార్డంతా వినాలని తెలుగులోనే అంది.

"మామా! కోసింది నీ పొట్టనా, నా పొట్టనా?"

హాతీరాం నోరు వెళ్లబెట్టాడు. కోడలై వచ్చిన నాటినుంచి ఆ గొంతు ఆయన విన్నదే లేదు.

"నీ హెర్నియాకు దవాఖానా దద్దరిల్లేటట్టు మొత్తుకుంటివి. నాకేమో సున్నా రాపిస్తవా? లే! బయటికి నడువ్! ఓ సిస్టరూ, జల్దీ రా! పది రాస్కో! పది మీద ఏమన్న ఉంటే అది గూడ రాస్కో!"

ఆదెమ్మ పకపకా నవ్వింది. "గట్ల అడుగు బిడ్డా!"

రిబ్కా ఉరికొచ్చింది, వెనకే డాక్టరూ వచ్చాడు. ఒంటి మీద చెయ్యి వేసి ఉలిక్కిపడ్డాడు.

"ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"నన్నెవరు అడిగిన్రు సారూ? దుప్పటిని అడిగి పోతిరి."

డాక్టర్ స్టెతస్కోప్ చెవుల్లో పెట్టుకున్నాడు. వినడానికి అంత తొందర పొద్దున లేకపోయింది. టాలరెన్స్ మాట మళ్లీ ఎత్తలేదు. సెలైన్ గొట్టంలోకి నొప్పి మందు ఎక్కించమన్నాడు. హాతీరాం తువ్వాల భుజాన వేసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి నడిచాడు.

పొట్టలో ముళ్లు మెల్లగా మొద్దుబారాయి. ద్వాలి దిండు అదుముకుని దగ్గింది. మొరటు దగ్గు, బొంగురు దగ్గు. కళ్లె ఊడి వచ్చింది. రిబ్కా గిన్నె పట్టింది.

వరండాలో హాతీరాం ఫోన్‌లో కొడుక్కి చెబుతున్నాడు. "ఏం లేదు మంగీలాలూ, మత్తుమందు ఎక్కువైంది. నీ పెండ్లాం సోయి లేక ఏదేదో మాట్లాడుతాంది."

రిబ్కా తలుపు వేయబోయింది.

"ఉండనియ్ సిస్టర్, తెరిచే ఉండనియ్," అంది ద్వాలి. దిండు మళ్లీ అదుముకుని, ఫోన్ అవతల మంగీలాల్‌కు కూడా వినిపించేటంత గట్టిగా దగ్గింది.